ఎంపీసీనా బైపీసీనా: ఇంట్లో ఒత్తిడి ఉన్నప్పుడు గ్రూపు ఎలా తేల్చుకోవాలి

జనవరి వచ్చిందంటే చాలు మా ఊళ్ళో పదో తరగతి పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇంటర్ కాలేజీల పీఆర్వోలు, అంటే అడ్మిషన్లు పట్టుకొచ్చే మనుషులు, తిరగడం మొదలవుతుంది. పిల్లోడు ఇంకా ప్రీఫైనల్స్ కూడా రాసుండడు, వీళ్ళు హాల్లో కూర్చుని మంచినీళ్ళు తాగుతూ "సార్, ఇప్పుడు అడ్వాన్స్ కట్టేస్తే ఫీజులో కన్సెషన్ ఇప్పిస్తా, రిజల్ట్స్ వచ్చాక అయితే సీట్లుండవు" అంటారు, నాన్న ఫోన్ తీసి పదివేలు పంపించేస్తారు, రసీదులో గ్రూపు అని ఉన్న గడిలో ఎంపీసీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) అనో బైపీసీ (మ్యాథ్స్ బదులు బయాలజీ) అనో ఆ పీఆర్వోనే రాసేస్తాడు. అప్పుడు పిల్లోడు పక్కగదిలో సోషల్ చదువుకుంటూ ఉంటాడు. గ్రూపు ఇలా తేలిపోయిన ఇళ్ళు నేను చాలా చూశా, అందుకే మొట్టమొదట చెప్పే మాట ఇదే, గ్రూపు తేలకముందు అడ్వాన్స్ కట్టనివ్వొద్దు. ఎందుకంటే ఒకసారి డబ్బు కట్టాక ఇంట్లో ఇంక గ్రూపు గురించి మాట్లాడరు, కట్టిన డబ్బు గురించే మాట్లాడతారు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, 14 ఏళ్ళయింది. ఫిజిక్స్ రెండు గ్రూపులకీ ఉంటుంది కదా, పొద్దున ఎంపీసీ సెక్షన్‌లో చెప్పిన పాఠమే మధ్యాహ్నం బైపీసీ సెక్షన్‌లో చెప్తా, అందుకని తప్పు గ్రూపులో కూర్చున్న పిల్లలు రెండు వైపులా కనిపిస్తారు నాకు. ఆగస్టు కల్లా తెలిసిపోతుంది, పుస్తకం తెరిచే ఉంటుంది, చూపు ఎక్కడో ఉంటుంది. నా కథ కూడా అలాంటిదే. నాకు బైపీసీ ఇష్టం, కప్పని కోసి చూడాలని ఎనిమిదో తరగతి నుంచీ ఎదురుచూశా, కానీ మా పెదనాన్న కొడుకు అప్పుడే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో చేరాడు, మా నాన్న ఎంపీసీ అన్నారు, నేను తలూపా. అంతే, ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు, బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి పాఠాలు చెప్పుకుంటున్నా, ఈ పని నాకు ఇష్టమే, కానీ పదేళ్ళ తర్వాత ఒకరోజు మా నాన్నే "నీకు బైపీసీ కావాలని ఆరోజు నాకు చెప్పలేదేమ్మా" అన్నారు. ఆయనకి నిజంగానే తెలీదు! ఆ మాట విన్న దగ్గర్నుంచీ మా కాలేజీకొచ్చే పిల్లలకి నేను చెప్పేది ఒకటే, ఇంట్లో నోరు తెరిచి చెప్పండి, కానీ ఉత్త మాటలతో వెళ్ళొద్దు, చేతిలో ఏదన్నా పట్టుకుని వెళ్ళండి. ఆ చేతిలో ఏం పట్టుకెళ్ళాలో ఇక్కడ రాస్తున్నా.

ముందు నీకు నువ్వు పెట్టుకోవాల్సిన రెండు వారాల పరీక్ష

డాక్టర్ అవుతావా ఇంజనీర్ అవుతావా అని పదిహేనేళ్ళ పిల్లల్ని అడిగితే ఏం చెప్తారు పాపం, ఆ రెండు పనులూ వాళ్ళు దగ్గర్నుంచి చూసుండరు. డాక్టర్ అంటే ఏసీ గదిలో స్టెతస్కోపు, ఇంజనీర్ అంటే ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని అమెరికా, ఇంతే తెలుసు. అందుకని ఆ ప్రశ్న పక్కన పెట్టు. ఇప్పుడు నువ్వు ఎంచుకునేది రెండేళ్ళ పాటు, హాస్టల్లో ఉంటే పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా, రోజూ నీ ముందుండే పనిని. ఆ పని ఎట్లా ఉంటుందో ఇంట్లోనే రుచి చూడొచ్చు, పదో తరగతి పరీక్షలయ్యాక ఖాళీ ఉంటుంది కదా, అందులో రెండు వారాలు తీసుకో.

ఎన్సీఈఆర్టీ 11వ తరగతి పుస్తకాలు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, ఏపీలో 2025-26 నుంచి ఇంటర్ ఫస్టియర్‌కి ఆ సిలబసే పెట్టారు, తెలంగాణ వాళ్ళయితే తెలుగు అకాడమీ పుస్తకాలు వీధిలో ఎవరో ఒక సీనియర్ దగ్గర ఉంటాయి, అడిగి తెచ్చుకో. మొదటి వారం మ్యాథ్స్‌లో త్రికోణమితి గానీ సరళరేఖలు గానీ ఒక్క చాప్టర్ పట్టుకో. రెండో వారం బయాలజీలో జీవుల వర్గీకరణ కొంచెం, ఆ తర్వాత రక్తప్రసరణ చాప్టర్. రోజుకి రెండు గంటలు చాలు, ఫోన్ అమ్మకిచ్చెయ్. దేనికీ ట్యూషన్ పెట్టించుకోవద్దు, అర్థం కాకపోతే ఒక్క వీడియో చూడు, అంతే.

ఇందులో మార్కులు వేసుకునే పనిలేదు, నిన్ను నువ్వు గమనించుకో. లెక్క రానప్పుడు ఏం చేస్తున్నావు? వెంటనే వెనక పేజీలో జవాబు చూసేస్తున్నావా, లేక అన్నం తింటూ కూడా దాని గురించే ఆలోచించి మళ్ళీ వచ్చి కూర్చుంటున్నావా? ఆ రెండో రకం అయితే, లెక్క తప్పొచ్చినా సరే, ఎంపీసీ నీకు బరువనిపించదు. బయాలజీకొస్తే, ఒక పేజీ చదివి పడుకుని మర్నాడు పొద్దున పుస్తకం మూసి తెల్లకాగితం మీద ఎంత గుర్తుంటే అంత రాయి, గుండె బొమ్మ గియ్యి, రక్తం ఎటు నుంచి ఎటు వెళ్తుందో బాణాలు పెట్టు. సగం రాస్తే చాలా మంచిది. కానీ దానికన్నా నేను చూసేది ఇంకోటుంది, గుర్తు రానిది వెతుక్కోవడానికి పుస్తకం మళ్ళీ తెరవాలనిపించిందా లేదా. నీట్‌లో, అంటే మెడిసిన్ ఎంట్రన్స్‌లో, 180 ప్రశ్నలకి 90 బయాలజీవే, 720 మార్కుల్లో 360 అక్కడే ఉన్నాయి, అవి కూడా పుస్తకంలో లైను లైనూ పట్టుకుని అడుగుతారు, ఒకే పుస్తకాన్ని పదిసార్లు ఓపిగ్గా తిరగేసే మనిషికే ఆ మార్కులొస్తాయి.

రెండు వారాల్లోనూ రోజూ ఒక అరగంట ఫిజిక్స్ కూడా చెయ్యి, సమతలంలో చలనం అని ఒక చాప్టర్ ఉంటుంది, వెక్టర్లు, విసిరిన బంతి ఎక్కడ పడుతుంది, అవన్నీ. ఇది ఎందుకు చెప్తున్నానంటే "నాకు మ్యాథ్స్ అంటే భయం మేడమ్ అందుకే బైపీసీ తీసుకున్నా" అనే పిల్లలు ప్రతి ఏడాదీ నా క్లాసులో ఇరవై మంది తేలతారు. వాళ్ళకి జూన్‌లో ఎవరూ చెప్పరు, నీట్‌లో ఫిజిక్స్ 180 మార్కులు, అదంతా లెక్కలే, వెక్టర్లు, లాగరిథమ్‌లు, డిఫరెన్షియేషన్ కొంచెం, అన్నీ ఉంటాయి. 2025 నీట్‌లో ఫిజిక్స్ పేపర్ చూసి పిల్లలు ఏడ్చుకుంటూ బయటికొచ్చారు, బయాలజీ బాగా చేసిన పిల్లలు కూడా. మ్యాథ్స్ నుంచి పారిపోవడానికి బైపీసీ తీసుకుంటే ఆ మ్యాథ్సే ఫిజిక్స్ రూపంలో మళ్ళీ ఎదురొస్తుంది. ఇక రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి నేను డాక్టర్ కాలేను అనేది అంత పెద్ద కారణం కాదు, చాలామందికి అది ఫస్టియర్ అనాటమీ హాల్లో పోతుంది. స్నేహితుడు తీసుకున్నాడు కాబట్టి నేనూ, అనేది అసలు కారణమే కాదు, ఆ స్నేహితుడిని వేరే సెక్షన్‌లో వేస్తారు.

పదో తరగతి మార్కుల్ని కూడా పట్టుకుని వేలాడొద్దు. మ్యాథ్స్‌లో 98 వచ్చిన పిల్ల ఇంటర్ ఫస్టియర్‌లో మ్యాథ్స్ 1ఎ పేపర్ దగ్గర ఆగిపోవడం చూశా, 80 వచ్చినవాడు ఐఐటీల ఎంట్రన్స్ జేఈఈ అడ్వాన్స్‌డ్ దాకా వెళ్ళడం కూడా చూశా.

రోజూ ఏం అనిపించిందో ఒక నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసుకో. తారీఖు వేసి రాయి. ఈ నోట్‌బుక్ తర్వాత నాన్న ముందు పెట్టడానికి పనికొస్తుంది.

ఇంట్లో వాళ్ళు ఎందుకు పట్టుబడుతున్నారో కనుక్కోవడం

ఇది చాలా ముఖ్యం, దీన్ని వదిలేసి వాదనకి దిగితే గొడవే మిగులుతుంది. అమ్మానాన్నలు "డాక్టర్" అనో "ఇంజనీరింగ్" అనో అంటారు కానీ ఆ మాట వెనక ఇంకో మాట ఉంటుంది, ఒక్కో ఇంట్లో ఒక్కోటి. దాన్ని కనుక్కోవాలంటే నువ్వు అడగాలి, అది కూడా వాదనలాగా కాకుండా. నేను పిల్లలకి ఇచ్చే ప్రశ్న ఇది: "నాన్నా, నేను డాక్టర్ అయితే నీకు దేని గురించి నిశ్చింతగా ఉంటుంది?" అడిగాక నోరు మూసుకుని వినాలి, మధ్యలో అడ్డుపడకూడదు. నిజంగా వింటే చాలా తెలుస్తుంది.

ఒక నాన్న అన్నారట, "నా వ్యవసాయంలాగా ఏ ఏడాదికాయేడాది దేవుడి దయ మీద ఉండకూడదమ్మా నీ బతుకు." ఆయనకి కావాల్సింది ఆదాయం ఆగిపోని బతుకు, తెల్లకోటు కోసం కాదు ఆయన తపన. అలాంటాయనకి "నాకు ఇంట్రెస్ట్ లేదు" అంటే అర్థం కాదు, ఇంట్రెస్ట్ ఉండి చేసిన పని కాదు కదా ఆయన చేసింది. ఆయనతో మాట్లాడాల్సింది ఏ చదువు చదివితే ఎన్నో ఏట నుంచి జీతం మొదలవుతుంది అని.

ఇంకో ఇంట్లో అసలు విషయం ఆడపిల్లని హైదరాబాదో బెంగళూరో పంపడం. సాఫ్ట్‌వేర్ అయితే దూరం వెళ్ళిపోతుంది, డాక్టర్ అయితే ఊళ్ళోనే క్లినిక్ పెట్టుకుంటుంది, సంబంధాలు కూడా బాగా వస్తాయి అని అమ్మ లెక్క. ఈ లెక్క నాకు నచ్చదు, కానీ ఉందని తెలిస్తేనే కదా మాట్లాడగలం. ఎంబీబీఎస్ సీటు కూడా ఏ జిల్లాలో వస్తుందో మన చేతిలో ఉండదు, పీజీ అయితే ఏ రాష్ట్రంలో వస్తుందో కూడా తెలీదు, ఈ సంగతి చెప్తే చాలామంది అమ్మలు ఆలోచనలో పడతారు.

కొన్ని ఇళ్ళల్లో అది పరువు. తోడికోడలి కూతురు గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుతోంది, మా పిల్లోడు ఎందుకు చదవకూడదు. ఇంకొన్ని ఇళ్ళల్లో నాన్న తన చిన్నప్పుడు ఎంట్రన్స్‌లో నాలుగు మార్కుల్లో సీటు పోగొట్టుకుని ఉంటారు, ఆ నాలుగు మార్కులు ఇప్పుడు నువ్వు తేవాలి. ఇలాంటి చోట చాలా నెమ్మదిగా ఉండాలి, అది ఆయన గాయం, నీ వాదనలో గెలవడానికి దాన్ని కెలకొద్దు. "నాన్నా ఆ రోజుల గురించి చెప్పు" అని ఒక సాయంత్రం కూర్చో. ఆయన చెప్పడం అయ్యాక నీ సంగతి చెప్పు. ఆ రోజు కాకపోతే మర్నాడు చెప్పు.

ఇంకోటుంది, చాలామంది మర్చిపోయేది. అప్పుడప్పుడు అమ్మానాన్నల మాటే కరెక్ట్ అవుతుంది. నువ్వు లెక్కలు గంటలు గంటలు చేసుకుంటూ కూర్చోవడం మీ అమ్మ పదేళ్ళుగా చూస్తోంది, నువ్వు ఏదో సీరియల్లో డాక్టర్ని చూసి బైపీసీ అంటున్నావు, అప్పుడు ఆమె చెప్పేది విను. నోట్‌బుక్ కూడా ఆమె చెప్పిందే చెప్తుంటే ఒప్పుకో, అందులో తప్పేం లేదు.

కాగితం మీద వేయాల్సిన లెక్క

ఇక ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీసి రెండు దారులూ వేయండి, వీలైతే నాన్నతో కలిసే వేయండి, ఆయన చేత్తో ఆయన అంకెలు రాస్తే ఆ కాగితం మీద ఆయనకి నమ్మకం కుదురుతుంది.

ఎడమ వైపు మెడిసిన్. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఏడాది, మొత్తం అయిదున్నర. ఈ రోజుల్లో ఉత్త ఎంబీబీఎస్‌తో ఆగేవాళ్ళు తక్కువ, నీట్ పీజీ రాసి ఎండీ గానీ ఎంఎస్ గానీ ఇంకో మూడేళ్ళు, సూపర్ స్పెషాలిటీ అంటే మళ్ళీ మూడేళ్ళు. మధ్యలో ప్రిపరేషన్‌కి పోయే ఏళ్ళు కూడా కలుపుకోండి. సొంతకాళ్ళ మీద నిలబడేసరికి 28, 30 ఏళ్ళు రావడం మామూలే, అప్పటిదాకా ఇంట్లో ఓపిక ఉండాలి. సీట్ల సంగతి చూస్తే 2025లో నీట్ రాసినవాళ్ళు 22 లక్షల పైన, క్వాలిఫై అయినవాళ్ళు 12 లక్షల పైన, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల చుట్టుపక్కల, అందులో గవర్నమెంట్ సీట్లు సుమారు సగం. ఇక్కడ ఒక మాట అండర్‌లైన్ చేసుకోండి, క్వాలిఫై అవ్వడం వేరు సీటు రావడం వేరు. "మావాడు నీట్ క్వాలిఫై అయ్యాడు" అని స్వీట్లు పంచి ఆ తర్వాత కౌన్సెలింగ్‌లో కూలబడిన ఇళ్ళు నాకు తెలుసు.

ప్రైవేట్ కాలేజీలో తక్కువ ఫీజుండే కన్వీనర్ కోటా దొరక్కపోతే బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ సీటు, అది ఏడాదికి పది లక్షల పైమాటే, సీ కేటగిరీ, అంటే ఎన్‌ఆర్‌ఐ సీటు, అయితే దానికి రెండు మూడింతలు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? పొలం అమ్ముతారా, చెల్లి పెళ్ళికని దాచింది తీస్తారా? ఇది పిల్లల ముందు మాట్లాడకూడదు అనుకుంటారు పెద్దవాళ్ళు, కానీ పిల్లలకి తెలియాలి, ఆ బరువు వాళ్ళ నెత్తి మీదే కదా పడేది. బయటి దేశం వెళ్ళి చదువుదాం అనుకుంటే దానికీ నీట్ క్వాలిఫై అవ్వాలి, చదివొచ్చాక ఇక్కడ ప్రాక్టీస్ చెయ్యాలంటే ఎఫ్‌ఎంజీఈ అనే పరీక్ష రాయాలి, 300కి 150 రావాలి, రాసినవాళ్ళలో ఎక్కువమంది ఫెయిల్ అవుతారు. కన్సల్టెన్సీ వాళ్ళు ఈ ముక్క మెల్లగా చెప్తారు.

కుడి వైపు ఇంజనీరింగ్. నాలుగేళ్ళు, ఇరవై రెండో ఏట చేతిలో డిగ్రీ. ఐఐటీ అనుకుంటే 23 ఐఐటీల్లో కలిపి 2025లో 18 వేల సీట్లు, జేఈఈ మెయిన్ నుంచి రెండున్నర లక్షల మందిని అడ్వాన్స్‌డ్‌కి తీసుకుంటారు, అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయనిస్తారు. అది రాకపోయినా ఎన్ఐటీలు, ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) ఉన్నాయి, మన రెండు రాష్ట్రాల్లోనూ సీటు దొరకడం పెద్ద కష్టం కాదు. మెడిసిన్‌లో సీటు దొరకడమే కష్టం, ఇంజనీరింగ్‌లో సీటు దొరికాక ఉంటుంది కష్టం, ఆ కాలేజీలో చెప్పేవాళ్ళు ఉన్నారా, ప్లేస్‌మెంట్స్ నిజంగా వస్తున్నాయా, అందరూ సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, అంటూ ఎగబడుతుంటే నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగం ఎవరికి వస్తుంది. ఇంజనీరింగ్ సేఫ్ అని నాన్న అంటే ఊళ్ళో బీటెక్ అయిపోయి ఖాళీగా ఉన్న ఇద్దర్ని, ఉద్యోగంలో ఉన్న ఇద్దర్ని పిలిచి నువ్వూ నాన్నా కలిసి మాట్లాడండి. పేరున్న కాలేజీ టాపర్‌తో మాట్లాడితే ఏం తెలీదు, మామూలు కాలేజీలో మామూలు మార్కులతో బయటికొచ్చిన పిల్లల్ని అడగండి.

కాగితం కింద ఒక లైను తప్పకుండా రాయండి, లాంగ్ టర్మ్ (ఇంటర్ అయ్యాక ఏడాది ఆగి మళ్ళీ నీట్ కోచింగ్) ఎన్నిసార్లు? నీట్ ఎన్నిసార్లయినా రాయొచ్చు, పై వయసు పరిమితి కూడా లేదు, అందుకే అక్కడ ఏళ్ళు తెలియకుండా కరిగిపోతాయి. మూడో లాంగ్ టర్మ్‌లో ఉన్న పిల్ల ఒకసారి పండగకి ఇంటికెళ్ళకుండా హాస్టల్లో ఉండిపోయింది, చుట్టాల్లో ఎవరన్నా "ఇప్పుడేం చేస్తున్నావమ్మా" అని అడుగుతారని. ఆ అమ్మాయి మంచి తెలివైనది. వాళ్ళింట్లో ఎన్నిసార్లు అనే మాట ముందు అనుకుని ఉంటే ఆ పండగకి ఇంట్లో ఉండేది. నన్నడిగితే ఒక్కసారి, మార్కులు సీటుకి దగ్గరగా వచ్చి ఆగిపోతే ఇంకోసారి, అంతే. ఆ తర్వాత ఏం చేస్తామో కూడా ఇప్పుడే రాసుకోండి, అగ్రికల్చర్ బీఎస్సీనా, ఫార్మసీనా, ఇంకోటా.

మాట్లాడే రోజు

రిజల్ట్స్ వచ్చిన రోజు మాట్లాడొద్దు, చుట్టాలందరి ముందు మాట్లాడొద్దు, నాన్న డ్యూటీ నుంచి రాగానే అసలొద్దు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచి టైమ్. అమ్మతో ముందు చెప్పుకో కానీ అమ్మనే రాయబారానికి పంపి నువ్వు గదిలో కూర్చోవద్దు, అలా చేస్తే ఆ గొడవ వాళ్ళిద్దరి మధ్యకి వెళ్ళిపోతుంది, నీ గ్రూపు సంగతి అలాగే ఉండిపోతుంది.

మొదలెట్టేటప్పుడు వద్దు అనే మాటతో మొదలెట్టకు. "నాన్నా, నేను రెండు వారాలు రెండూ చదివి చూశా, ఇదిగో నోట్‌బుక్, చూస్తావా" అను. తర్వాత "నువ్వు ఆదాయం ఆగిపోకూడదు అన్నావు కదా, దాని గురించి కూడా ఈ కాగితంలో రాశా" అను. ఆయన మాట నువ్వు గుర్తు పెట్టుకున్నావని తెలిసినప్పుడు ఆయన గొంతు తగ్గుతుంది. అరిస్తే అరవనివ్వు, "సరే నాన్నా, రెండు రోజులాగి మళ్ళీ మాట్లాడుకుందాం" అని లేచెయ్, రెండు రోజులాగి నిజంగానే మళ్ళీ కూర్చో. ఒక్క సిట్టింగ్‌లో తేలే విషయం కాదిది, నాలుగైదు పడతాయి. అన్నం మానేయడం, ఏదో చేసుకుంటానని బెదిరించడం ఎప్పుడూ చెయ్యకు.

నీ మాట వినకపోతే వాళ్ళు ఎవరి మాట వింటారో చూడు. ఒక్కో ఇంట్లో మేనమామ, ఒక్కో ఇంట్లో బాబాయ్, కొన్ని చోట్ల స్కూల్లో మ్యాథ్స్ సారు మాటకి చాలా విలువ. ఆయన దగ్గరికి నోట్‌బుక్ పట్టుకెళ్ళి "సార్, మీరు చూసి నాకేది సరిపోతుందో మా నాన్నకి చెప్పండి" అని అడుగు. ఆయన నీకు నచ్చనిది చెప్తే అది కూడా వినాల్సి వస్తుంది, ఆ సంగతి తెలుసుకునే వెళ్ళు.

ఎంతకీ తేలకపోతే ఒక గడువు అడుగు. "మీరు చెప్పిన గ్రూపులోనే చేరతా, మనస్ఫూర్తిగా చదువుతా, నెల రోజుల తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం, అప్పటికీ నా వల్ల కాకపోతే మార్పించండి." అడ్మిషన్లు నడుస్తున్నన్ని రోజులు గ్రూపు మార్చుకోవడం మామూలుగా కుదురుతుంది, అది ఎప్పటిదాకా అనేది కాలేజీలో చేరే రోజే ప్రిన్సిపాల్ని అడిగి తారీఖు రాసుకోండి. ఆ నెల రోజులు నిజంగా చదవాలి మరి, కావాలని మార్కులు పోగొట్టుకుంటే తర్వాత నీ మాట ఎవరూ నమ్మరు.

ఇప్పటికే చేరిపోయి ఇరుక్కుంటే

ఫస్టియర్ సగం అయిపోయింది, మార్చే వీల్లేదు, అప్పుడేం చేయాలి? ముందు ఊపిరి పీల్చుకో, దారులు నువ్వనుకున్నన్ని మూసుకుపోలేదు. ఎంపీసీలో ఉండి మెడిసిన్ కావాలంటే, ఇంటర్ పాసయ్యాక కూడా బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి నీట్‌కి వెళ్ళొచ్చని నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నవంబర్‌లో చెప్పింది. ఏపీలో అయితే 2025-26 నుంచి మ్యాథ్సూ బయాలజీ కలిపి చదివే ఎంబైపీసీ కూడా పెట్టారు, కానీ ఇంట్లో గొడవ తప్పించుకోవడానికి మాత్రం దాన్ని తీసుకోవద్దు, రెండు బరువులూ మొయ్యాల్సింది నువ్వు, ఆ రెండు వారాల పరీక్షలో రెండూ నచ్చి ఉంటేనే తీసుకో.

బైపీసీలో ఉండి డాక్టర్ వద్దనుకుంటే చాలా ఉన్నాయి: ఈఏపీసెట్‌తో బీఎస్సీ అగ్రికల్చర్, బీఫార్మసీ, ఆరేళ్ళ ఫార్మ్‌డీ, బీటెక్ బయోటెక్నాలజీ, ఇంకా వెటర్నరీ, ఫిజియోథెరపీ, బీఎస్సీ నర్సింగ్. సైన్స్ అంటేనే ప్రాణం అనేవాళ్ళకి తిరుపతిలోనే ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది, దాని ఎంట్రన్స్ ఎంపీసీ వాళ్ళూ బైపీసీ వాళ్ళూ రాయొచ్చు. పదో తరగతిలోనే ఈ రెండూ వద్దు అనిపిస్తే పాలిసెట్ రాసి మూడేళ్ళ పాలిటెక్నిక్ డిప్లొమా, తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ సెకండియర్, లేదంటే ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) తీసుకుని సీఏ.

నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన రావడం, ఇవి మొదలైతే మాత్రం గ్రూపు సంగతి తర్వాత, ఆ రోజే ఎవరికో ఒకరికి చెప్పు. వార్డెన్‌కి చెప్పలేకపోతే నాలాంటి లెక్చరర్‌కి చెప్పు. 14416 అని టెలీమానస్ నంబరుంది, గవర్నమెంటుది, ఫ్రీ, రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడొచ్చు. హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కదా అంటావు, లెక్చరర్‌ని అడిగితే ఇస్తారు, నేను చాలాసార్లు నా ఫోనే ఇచ్చా.

ఇది అమ్మానాన్నలకి

పిల్లలు చెప్పలేకపోతే వాళ్ళ బదులు నేను చెప్తా. మీరు పడ్డ కష్టం వాళ్ళకి తెలుసు, తెలుసు కాబట్టే ఎదురు చెప్పలేక తలూపుతున్నారు, ఆ తలూపడాన్ని ఇష్టం అనుకోవద్దు. నెలకొకసారి ఔటింగ్‌కి వచ్చినప్పుడు వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయి అని అడిగే ముందు "ఏ క్లాసంటే ఇష్టంగా ఉంటుంది నాన్నా" అని అడిగి చూడండి, జవాబు రాకపోతే ఆ రోజే మా స్టాఫ్ రూమ్‌కి వచ్చి మాతో మాట్లాడండి. పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకు కార్డు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ, పిల్లోడు క్లాసులో ఎట్లా ఉంటున్నాడు అని అడిగేవాళ్ళు పదిమందిలో ఒకరుంటారు.

చేరే రోజు

గ్రూపు తేలాక అందరూ కలిసి కాలేజీకి వెళ్ళండి, పిల్లలు కూడా. హాస్టల్ గది చూడండి, ఒక గదిలో ఎంతమంది, కిటికీ ఉందా, బాత్రూమ్‌లు ఎలా ఉన్నాయి. మధ్యలో మానేస్తే ఫీజులో ఎంత తిరిగిస్తారో నోటిమాటగా కాకుండా కాగితం మీద రాయించుకోండి, మా చుట్టాల పిల్లోడికి ఒక కాలేజీలో నోటిమాట మీద అలాగే నలభై వేలు పోయాయి. టీసీ, పదో తరగతి మెమో ఒరిజినల్స్ ఇచ్చేముందు నాలుగేసి జిరాక్సులు తీసి పెట్టుకోండి, ఇచ్చాక ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ఇక ఫారమ్‌లో గ్రూపు అని ఉన్న గడి వచ్చినప్పుడు పెన్ను పిల్లల చేతికివ్వండి.